అగ్గిపెట్టె స్వీడన్‌దే అంటారు, ఎంతవరకు నిజం?

మీ తాతగారి ట్రంకుపెట్టెలో ఒక పాత అగ్గిపెట్టె లేబుల్ దొరికిందనీ, దాని మీద అర్థంకాని భాషలో ఏదో రాసి ఉందనీ, వెతుక్కుంటూ పోతే స్వీడన్ తేలిందనీ రాశారు. సేఫ్టీ అగ్గిపుల్లని కనిపెట్టింది నిజంగా స్వీడన్ వాళ్ళేనా, అంత చిన్న దేశం ప్రపంచమంతటికీ ఎలా అమ్మింది, మీ లేబుల్ అసలుదేనా అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాదు. తమిళనాడులో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళు మందు కలిపించినవాణ్ణి. రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు స్వీడన్‌లో అగ్గిపెట్టెల మ్యూజియం కూడా చూసొచ్చాను. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

కనిపెట్టింది స్వీడన్ మనిషే. అయితే ఆయన దాన్ని అమ్మలేకపోయాడు. అమ్మినవాళ్ళు వేరు, చవగ్గా చేసిపెట్టినవాడు ఇంకొకడు, దాని మీద సామ్రాజ్యం కట్టి కూల్చినవాడు మరొకడు. ఇంటర్నెట్‌లో చూస్తే ఈ చివరాయన కథే ఎక్కువ కనపడుతుంది. నన్నడిగితే మూడోవాడి గురించే అందరికీ తెలియాలి. ఎందుకో వరసలో చెబుతాను.

గీస్తే మండే పుల్ల ఇంగ్లండులో పుట్టింది. స్టాక్టన్ ఊళ్ళో జాన్ వాకర్ అనే మందుల షాపాయన 1827లో అమ్మడం మొదలుపెట్టాడు. అవి సరిగ్గా వెలిగేవి కావు, వెలిగితే మందు ఊడి కింద పడేది. తర్వాత నాలుగైదేళ్ళకే పుల్ల మందులో తెల్ల భాస్వరం కలపడం వచ్చింది. దాంతో గోడకి గీసినా, చెప్పు అడుక్కి గీసినా భగ్గుమనేది. జనానికి తెగ నచ్చింది. చిక్కేమిటంటే జేబులో రాసుకున్నా అంటుకునేది, ఎలుక కొరికినా అంటుకునేది, పైగా అది విషం. దాన్ని తయారుచేసేవాళ్ళకి అంతకన్నా ఘోరమైన జబ్బు వచ్చేది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ తప్పదు. పుల్ల వెలగాలంటే ఆక్సిజన్ ఇచ్చేదొకటి, తేలిగ్గా అంటుకునేదొకటి కావాలి. మొదటిది పొటాషియం క్లోరేట్. రెండోది భాస్వరం. ఈ రెండూ పుల్ల తలమీదే ఉంటే అది ఎక్కడైనా మండుతుంది. సేఫ్టీ అగ్గిపుల్ల అసలు రహస్యం వీటిని విడదీయడమే. క్లోరేటు, గంధకం, గాజుపొడి, జిగురు పుల్ల తలకి అంటిస్తారు. విషం కాని ఎర్ర భాస్వరాన్ని, కొంచెం గాజుపొడి కలిపి, పెట్టె పక్కన గీసే పట్టీకి పూస్తారు. మీరు గీసినప్పుడు ఆ రాపిడికి పట్టీ మీది ఎర్ర భాస్వరం కణమంత వేడెక్కి అంటుకుంటుంది. అది క్లోరేటుని రాజేస్తుంది, మంట పుల్లకి ఎక్కుతుంది. పట్టీ లేకపోతే పుల్ల మామూలుగా వెలగదు.

ఈ రెండు మందులూ ముందే కలిస్తే ఏమవుతుందో చూడాలంటే దీపావళికి పిల్లలు తుపాకీలో పెట్టి పేల్చే రీలు చూడండి. ఆ చుక్కలో ఉండేది దాదాపు ఇదే. మా ల్యాబ్‌లో ఈ రెంటినీ వేర్వేరు గదుల్లో కలిపేవాళ్ళం. గరిటెలు వేరు, బకెట్లు వేరు, తుడిచే గుడ్డలు కూడా వేరు. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒకసారి ఈ గది బ్రష్షు ఆ గదికి పట్టుకెళ్ళబోతే మా మేస్త్రీ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రోజు ఆయన కేకలు గేటు దాకా వినపడ్డాయి.

ఈ విడదీసే ఆలోచన గుస్తాఫ్ ఎరిక్ పాష్‌ది. 1788లో పుట్టిన కెమిస్టు, స్వీడన్‌లో పేరుమోసిన కెమిస్టు బెర్జీలియస్ దగ్గర తయారైనవాడు. 1844లో పేటెంటు తీసుకున్నాడు. స్టాక్‌హోమ్‌లో కొంతకాలం ఆ పుల్లలు తయారయ్యాయి కూడా. కానీ అప్పట్లో ఎర్ర భాస్వరం బాగా ఖరీదు, గీసే పట్టీ నాణ్యత అంతంతమాత్రం. పైగా పావలాకి దొరికే పుల్ల ఎక్కడ గీసినా వెలుగుతుంటే, పెట్టెకే గీయాలనే పుల్లని ఎక్కువ ధర పెట్టి ఎవరు కొంటారు? వ్యాపారం సాగలేదు. పాష్ 1862లో చనిపోయాడు. ఆ పుల్ల వల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు.

ఇక ఊరి సంగతి. వెట్టర్న్ అనే పెద్ద సరస్సు దక్షిణ కొసన ఒక పట్నం ఉంది. పేరు జె అక్షరంతో మొదలవుతుంది గనక మనవాళ్ళు జోంకోపింగ్ అని చదువుతారు, అక్కడివాళ్ళు యోన్‌షోపింగ్ అంటారు. నేను మొదటి రోజు బస్సు డ్రైవరుకి మన పద్ధతిలో చెబితే అతను పాపం చాలాసేపు ఆలోచించాడు. ఆ ఊళ్ళో యోహాన్ ఎడ్వర్డ్ లుండ్‌స్ట్రోమ్, కార్ల్ ఫ్రాన్స్ లుండ్‌స్ట్రోమ్ అని ఇద్దరు అన్నదమ్ములు 1840ల నడుమ అగ్గిపుల్లల పని మొదలుపెట్టారు. అన్న యోహాన్‌కి ప్రయోగాల పిచ్చి, తమ్ముడిది వ్యాపారం బుర్ర. 1848లో సరస్సు ఒడ్డున ఫ్యాక్టరీ కట్టారు. ఇవాళ మ్యూజియం ఉన్నది ఆ భవనంలోనే. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, వాళ్ళు మొదట చేసినవి కూడా ఆ విషపు తెల్ల భాస్వరం పుల్లలే.

పాష్ ఆలోచనని యోహాన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈలోపు ఇంగ్లండులో ఆర్థర్ ఆల్‌బ్రైట్ అనే ఆయన ఎర్ర భాస్వరాన్ని ఫ్యాక్టరీ లెక్కన తయారుచేసి 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో పెట్టాడు. యోహాన్ అక్కడ నమూనా తెచ్చుకుని, దాంతో పుల్లలు చేసి ఎక్కడో పెట్టి మర్చిపోయాడనీ, 1855 పారిస్ ఎగ్జిబిషన్ ముందు బయటికి తీసి గీస్తే ఇంకా బాగానే వెలిగాయనీ ఒక కథ చెబుతారు. కథ ఎంత నిజమైనా అందులో పని తెలిసినవాళ్ళకి అర్థమయ్యే మాట ఒకటుంది. అగ్గిపుల్లకి అసలు పరీక్ష గీసిన రోజున ఉండదు, నిలవ ఉంచాక ఉంటుంది. తేమ పీల్చి మెత్తబడిందా, మందు రాలిందా, పట్టీ అరిగిందా అనేవే మాకూ రోజూ తలనొప్పులు. వర్షాకాలంలో అయితే మరీ టెన్షన్.

పారిస్‌లో వాళ్ళకి పతకం వచ్చింది. అదే ఏడాది లండన్‌కి చెందిన బ్రయంట్ అండ్ మే కంపెనీ బ్రిటన్‌లో తయారుచేసే హక్కు కొనుక్కుంది. 1858 నాటికి యోన్‌షోపింగ్ ఫ్యాక్టరీ ఏడాదికి సుమారు 1.2 కోట్ల పెట్టెలు చేస్తోంది.

ఇక్కడ జబ్బు గురించి చెప్పాలి. తెల్ల భాస్వరం పొగ పీల్చినవాళ్ళకి ముందు పంటి నొప్పి, తర్వాత చిగుళ్ళ వాపు, ఆ తర్వాత దవడ ఎముకే కుళ్ళిపోయేది. వాసనకి ఇంట్లోవాళ్ళు కూడా దగ్గర కూర్చోలేకపోయేవారట. సేఫ్టీ పుల్ల 1855 నాటికే చేతిలో ఉన్నా ఇంకో యాభై ఏళ్ళు లోకం ఆ విషాన్ని వదల్లేదు. ఎక్కడ గీసినా వెలిగే పుల్ల మీద జనానికి మోజు, చవగ్గా చేసుకోవచ్చని ఫ్యాక్టరీలకి ఆశ. సేఫ్టీ పుల్ల హక్కు కొనుక్కున్న ఆ బ్రయంట్ అండ్ మే ఫ్యాక్టరీలోనే తెల్ల భాస్వరం పనీ సాగింది. 1888లో లండన్‌లో దాదాపు 1400 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు సమ్మె చేసింది అక్కడే. నార్డిక్ దేశాల్లో ముందు మేల్కొన్నది స్వీడన్ కాదు. ఫిన్లాండు 1872లో, డెన్మార్కు 1874లో తెల్ల భాస్వరం పుల్లల్ని నిషేధించాయి. 1906లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో దీని మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మన దేశంలో దీనికి చట్టం 1913లో వచ్చింది.

అగ్గిపుల్ల కథలో చాలామంది వదిలేసేది పెట్టె. పుల్ల చెయ్యడం కన్నా పెట్టె చెయ్యడమే కష్టం. లోపలి డబ్బా, పై తొడుగు, రెండూ పల్చటి చెక్కపొరని మడిచి, కాగితం అంటించి చెయ్యాలి. యోన్‌షోపింగ్‌లో ఆ పని ఊళ్ళోని పేదల ఇళ్ళకి వెళ్ళేది. తల్లీ పిల్లలూ పొయ్యి దగ్గర కూర్చుని జిగురు పూసి పెట్టెలు అతికి, లెక్కపెట్టి ఫ్యాక్టరీకి ఇచ్చి వచ్చేవాళ్ళు. మ్యూజియంలో ఇది చదువుతుంటే నాకు శివకాశి, సాత్తూరు చుట్టుపక్కల ఊళ్ళే కళ్ళముందు కనపడ్డాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ వీధుల్లో అరుగుల మీద నేను చూసింది అచ్చం అదే. అంత చల్లటి దేశంలోనూ ఇదే కథ అని తెలిసి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

దాన్ని మార్చినవాడే నేను మొదట చెప్పిన మూడో మనిషి, అలెగ్జాండర్ లాగర్మన్. 1836లో పుట్టిన మెకానిక్కు. 1864లో పుల్లల పనికి తొలి ఆటోమేటిక్ యంత్రం తయారుచేశాడు. తర్వాత యోన్‌షోపింగ్ ఫ్యాక్టరీలో కుదురుకుని ఒక్కో పనికీ ఒక్కో యంత్రం చేస్తూ పోయాడు. పుల్లల్ని వరసగా పేర్చేది ఒకటి, మైనంలో, మందులో ముంచేది ఒకటి, పెట్టె మడిచేది ఒకటి, నింపేది ఒకటి. చివరికి 1892లో వీటన్నిటినీ కలిపి ఒకే యంత్రం చేశాడు. ఒక వైపు వట్టి పుల్లలు పోస్తే ఇంకో వైపు నిండిన పెట్టెలు వచ్చేవి.

ఇది చిన్న సంగతి అనిపిస్తుంది గానీ, పుల్లల్ని ఒకదానికొకటి తగలకుండా వేలకొద్దీ నిలబెట్టి, అన్నిటి తలలూ ఒకే లోతులో మందులో ముంచి, మందు కారకుండా ఆరబెట్టాలి. మందు చిక్కదనం కాస్త తేడా వస్తే తల లావవుతుంది, లేదా బోడిగా ఉంటుంది. దాన్ని ఇనుముతో, గొలుసులతో, పళ్ళ చక్రాలతో సాధించాడు ఆయన. మేం వాడిన యంత్రాలు ఆ తర్వాతి తరాలవే అయినా, వాటి నడక చూస్తే తాత పోలిక తెలిసిపోయేది. స్వీడన్ అగ్గిపెట్టె చవగ్గా, ఒకేలా, నమ్మకంగా రావడానికి పాష్ పేటెంటు కన్నా లాగర్మన్ యంత్రాలే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. ఆయన పేరు మీద ఎవరూ సినిమా తియ్యలేదు, అది వేరే సంగతి.

కలప సంగతీ చెప్పాలి. అక్కడ ఆస్ప్ అనే చెట్టు దొరుకుతుంది, పోప్లార్ జాతి. ఆకు చిన్న గాలికే గలగలలాడుతుంది, మన రావి ఆకు లాగా. దాని చెక్క తెల్లగా, తిన్నగా చీలుతుంది, మైనం బాగా పీలుస్తుంది. దుంగ బెరడు తీసి, లేతు మీద తిప్పుతూ పొరగా ఒలిచి, ఆ పొరని పుల్లలుగా తరుగుతారు. తర్వాత అమ్మోనియం ఫాస్ఫేట్ నీళ్ళలో నానబెడతారు. మంట ఊదేశాక పుల్ల కొస నిప్పులా కణకణలాడుతూ ఉండకుండా అప్పుడే ఆరిపోవడం దానివల్లే. సొంత అడవి చాలక స్వీడన్ వాళ్ళు రష్యా నుంచి కూడా ఆస్ప్ దుంగలు తెప్పించుకునేవారు. మనకి ఆ చెట్టు లేదు గనక మన దేశంలో చాలాకాలం బూరుగ చెక్క ఆ పని చేసింది.

యోన్‌షోపింగ్‌కి పోటీగా టీడాహోల్మ్ అనే ఊళ్ళో 1868లో వల్కన్ ఫ్యాక్టరీ వచ్చింది, అది చాలా పెద్దదయింది. బయట అమెరికా డైమండ్ కంపెనీ, జపాన్ ఫ్యాక్టరీలు ముంచుకొస్తుంటే ఈ ఇద్దరూ, ఇంకొన్ని ఫ్యాక్టరీలూ 1903లో కలిసి ఒకే కంపెనీ అయ్యాయి.

ఇప్పుడు అందరూ అడిగే ఇవార్ క్రూగర్. 1880లో కాల్మార్‌లో పుట్టాడు. ఇంటి వ్యాపారంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు ఉన్నాయి గానీ ఈయన ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో పనిచేసి, తిరిగొచ్చి 1908లో పాల్ టోల్‌తో కలిసి కాంక్రీటు కట్టడాల కంపెనీ పెట్టాడు. తర్వాత ఇంటి ఫ్యాక్టరీల వైపు తిరిగాడు. 1913లో చిన్న ఫ్యాక్టరీల్ని ఒక గుంపుగా కట్టాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో క్లోరేటు, భాస్వరం దొరకని రోజుల్లో ముడిసరుకు ఫ్యాక్టరీల్ని చేజిక్కించుకున్నాడు, 1917లో యోన్‌షోపింగ్, వల్కన్ కూటమిని కూడా కలిపేసి స్వీడిష్ మ్యాచ్ కంపెనీ చేశాడు.

ఆయన ఎత్తు చాలా సులువైనది. యుద్ధం తర్వాత యూరప్ ప్రభుత్వాలకి డబ్బు లేదు. అమెరికాలో డబ్బుంది. క్రూగర్ అమెరికా మదుపరులకి షేర్లు, బాండ్లు అమ్మి, ఆ డబ్బుని ప్రభుత్వాలకి అప్పిచ్చి, బదులుగా ఆ దేశంలో అగ్గిపెట్టెల గుత్తాధిపత్యం రాయించుకునేవాడు. పోలండ్, గ్రీస్, హంగరీ, ఇలా వరస. 1927లో ఫ్రాన్సుకి 7.5 కోట్ల డాలర్లు ఇచ్చాడు. 1929 అక్టోబరులో, సరిగ్గా న్యూయార్కు షేర్ మార్కెట్ కూలుతున్న రోజుల్లో, జర్మనీకి 12.5 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకున్నాడు. ప్రపంచంలో తయారయ్యే అగ్గిపెట్టెల్లో సగానికి పైగా ఆయన చేతికింద ఉండేవి, కొందరి లెక్కలో ముప్పావు వంతు. మదుపరులకి ఇచ్చే డివిడెండు చాలావరకు కొత్త మదుపరుల డబ్బులోంచే వచ్చేది. మన ఊళ్ళల్లో చిట్టీల పేరుతో మునిగినవాళ్ళకి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

1932 మార్చి 12న పారిస్‌లో తన అపార్ట్‌మెంట్‌లో తుపాకీ గుండుతో చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అన్నారు, కాదు హత్యేనని వాదించినవాళ్ళూ ఉన్నారు. పోయాక పుస్తకాలు తిరగేస్తే ఇటలీ ప్రభుత్వ బాండ్లు ఫోర్జరీవి బయటపడ్డాయి. ఆయన దగ్గర డబ్బు తీసుకున్నాడని తేలి స్వీడన్ ప్రధాని ఎక్‌మన్ అదే ఏడాది రాజీనామా చేశాడు. చిత్రం ఏమిటంటే అగ్గిపెట్టెల కంపెనీ బతికింది. ఫ్యాక్టరీలు నిజమైనవి, పుల్లలు నిజమైనవి. జర్మనీలో ఆ గుత్తాధిపత్యం 1983 దాకా నడిచింది.

మన దేశానికి ఈ కంపెనీ 1923లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే విదేశీ అగ్గిపెట్టెల మీద గ్రోసుకి రూపాయి ఎనిమిది అణాల సుంకం పడింది. గ్రోసంటే 144 పెట్టెలు. బయటినుంచి తెచ్చి అమ్మడం గిట్టదు గనక ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టారు, బొంబాయి దగ్గర అంబర్‌నాథ్‌లో. అదే విమ్కో, వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ. తర్వాత బరేలీ, కలకత్తా, మద్రాసు తిరువొత్తియూరుల్లో కూడా వచ్చాయి. విచిత్రంగా అదే 1923లో, కలకత్తా వెళ్ళి పని నేర్చుకొచ్చిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ శివకాశిలో చేతిపనితో అగ్గిపెట్టెలు మొదలుపెట్టారు. అంటే లాగర్మన్ యంత్రాల వారసత్వమూ, ఆ యంత్రాలు రాకముందు యోన్‌షోపింగ్ ఇళ్ళల్లో జరిగిన చేతిపనీ మన దేశంలో ఒకే ఏడాది ఎదురుబొదురుగా నిలబడ్డాయి. చేతిపని వాళ్ళకి పన్ను తగ్గించి ప్రభుత్వం కాపాడింది, వాళ్ళు పెద్ద కంపెనీని గట్టిగానే నిలవరించారు. అందులో చిన్నపిల్లల కష్టం ఎంత ఉందో నాకు తెలుసు, ఆ భాగం గర్వంగా చెప్పుకునేది కాదు. విమ్కో 2005లో ఐటీసీ చేతికి వెళ్ళింది.

స్వీడన్‌లో ఇప్పుడు యోన్‌షోపింగ్ ఫ్యాక్టరీ ఆవరణ అంతా మ్యూజియం, షాపులు, కాఫీ హోటళ్ళు. అక్కడి పుల్లల తయారీకి పేరున్నది ఇక టీడాహోల్మే. వాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువగా కనపడేది సూల్‌స్టికన్ అనే పెట్టె, సూర్యుడి వైపు నడిచే చిన్న పిల్లాడి బొమ్మ. 1936లో ఎయినార్ నెర్మన్ గీశాడు, అమ్మకంలో కొంత పిల్లల, ముసలివాళ్ళ సంక్షేమానికి పోతుంది. నేనూ రెండు పెట్టెలు తెచ్చుకుని ఒకటి దేవుడి గదిలో పెట్టాను.

ఇక మీ లేబుల్. మీరు రాసిన అక్షరాలు "సేకెర్‌హెట్స్ టెండ్‌స్టికోర్", అంటే సేఫ్టీ అగ్గిపుల్లలు. కింద ఉన్నది "పెట్టె పట్టీకే గీయండి" అనే మాట అయుండాలి. అయితే స్వీడిష్ రాత ఉన్నంత మాత్రాన స్వీడన్‌ది అనుకోవద్దు. ఆ పేరుకి అంత గిరాకీ ఉండేది గనక జపాన్ వాళ్ళు అదే డిజైను, అవే పతకాల బొమ్మలు, అదే భాష అచ్చేసి మన దేశానికి కూడా పంపేవారు. జపాన్‌లో ఈ పరిశ్రమ మొదలుపెట్టిన షిమిజు మకోటో స్వయంగా స్వీడన్ వెళ్ళి వచ్చినవాడు. భాష తెలియకుండా అక్షరాలు పేర్చడం వల్ల నకళ్ళలో తప్పులు దొర్లుతాయి, కాబట్టి అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఊరి పేరు ఉందా, చివర "మేడ్ ఇన్" తర్వాత ఏ దేశం ఉంది అని చూడండి. పెట్టె కూడా దొరికితే పక్కన పన్ను పట్టీ కాగితం అంటించి ఉందేమో గమనించండి. మన దేశంలో అగ్గిపెట్టెల మీద ఎక్సైజు 1934లో వచ్చింది, ఆ పట్టీ ఉంటే అది ఇక్కడ తయారైనదయ్యే అవకాశం ఎక్కువ. రెండు వైపులా ఫోటో తీసి పెట్టండి, కాగితం మడతలు కనపడేలా.